తేడా వినిపించకపోతే నా చెవిదే లోపమా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. విషయం చెడకుండా కుదించి ఇస్తున్నాను.

ఆయనకు 36 ఏళ్లు. పదమూడేళ్లుగా కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్తున్నారు. భక్తి ఆల్బమ్‌లు, ప్రకటనల జింగిల్స్, షార్ట్ ఫిల్మ్‌లకు నేపథ్య సంగీతం. కృష్ణానగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, అందులో పడకగదే స్టూడియో. పనంతా ఒక ల్యాప్‌టాప్, ఒక మిడి కీబోర్డ్ (ఏ కీ నొక్కామో కంప్యూటర్‌కు చెప్పేది), డబ్బు పెట్టి కొన్న కొన్ని ప్లగిన్లతో (వాయిద్యాల శబ్దాన్ని ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో) నడుస్తోంది. ఆయనకు వేళ్లు పట్టుకుని నేర్పిన మాస్టారు 80ల్లో మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో కీబోర్డ్ వాయించినవారు. ఆ మాస్టారి దగ్గర అప్పటి నుంచీ ఒక రోలాండ్ జునో 106 సింథసైజర్ (రకరకాల శబ్దాలను తానే పుట్టించే కీబోర్డు) ఉంది. మోకాళ్ల నొప్పుల వల్ల ఆయన ఇప్పుడు బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. "ఇది నీ దగ్గరుంటేనే నాకు తృప్తిరా. లక్షా డెబ్బై ఐదు వేలు ఇవ్వు. దసరాలోపు ఏ సంగతీ చెప్పు" అన్నారట. దానిలోని ఆరు వాయిస్‌లలో (ఒక్కొక్కటీ ఒక స్వరం పలికే భాగం) ఒకటి అప్పుడప్పుడూ మూగబోతోందని కూడా ఆయనే చెప్పారట.

దంపతులిద్దరూ కలిసి దాచుకున్నది రెండు లక్షల ముప్పై వేలు. ఇంకో గది ఉన్న ఇంటికి మారడానికి అడ్వాన్స్ కోసం పెట్టుకున్న డబ్బు అది. "నువ్వు కొంటున్నది కీబోర్డునా, మాస్టారి మెప్పునా?" అని భార్య అడిగారు. స్టూడియో నడిపే స్నేహితుడేమో, "నీ ప్యాడ్స్ ప్లాస్టిక్‌లా ఉంటాయి, అసలు అనలాగ్ ఒకటి పెట్టుకో" అని రెండేళ్లుగా అంటున్నాడు. ప్యాడ్ అంటే పాట వెనక పరుచుకుని సాగే నిండు శబ్దం, అనలాగ్ అంటే అంకెలతో కాకుండా నేరుగా కరెంటుతో శబ్దం చేసేది.

ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇంకొకటి. ఈయన ల్యాప్‌టాప్ పట్టుకుని మాస్టారింటికి వెళ్లి, ఒకే స్వరాల వరసను జునో మీదా, దాన్ని అనుకరించే ప్లగిన్ మీదా వాయించి రికార్డు చేసుకొచ్చారు. ఇంటికొచ్చి కళ్లు మూసుకుని వింటే ఏది ఏదో తెలియలేదు. "పదమూడేళ్లు ఈ పని చేశాక, అందరికీ వినపడే తేడా నాకు వినపడలేదు. మాస్టారికి ఈ మాట చెప్పలేను. ఇంట్లో చెబితే కొనొద్దనడానికి ఇంకో కారణం దొరుకుతుంది. నా చెవి పాడైందా? ఇన్నాళ్లూ రాని పనిని వచ్చినట్టు చేస్తున్నానా? ఇంతకీ కొనాలా, వద్దా?" అని ముగించారు.

మీ చివరి ప్రశ్న కన్నా ముందు, దాని పక్కన పెట్టిన ప్రశ్నకు జవాబు చెబుతాను. మీరు రాత్రుళ్లు పడుకోకుండా ఆలోచిస్తున్నది దాని గురించేనని నాకు అనిపించింది. మీ చెవి పాడవలేదు. ఆ పరికరం, ఆ ప్లగిన్, మీరు వాయించిన ఆ వరస, ఈ మూడూ కలిసినప్పుడు తేడా తెలియకపోవడమే సహజం. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ భయం పోవడానికి ధైర్యం చెప్పడం కన్నా కారణం తెలియడం ఎక్కువ పనిచేస్తుంది.

పాత అనలాగ్ సింథ్‌లన్నీ ఒక జాతి కాదు. 1970లో వచ్చిన మినీమూగ్‌నే చూడండి. దానిలో శబ్దపు అలను పుట్టించే ఆసిలేటర్లు మూడు ఉంటాయి. ఎంత వోల్టేజీ ఇస్తే అంత శృతి పలుకుతుంది. గది వేడెక్కితే ఆ శృతి కదులుతుంది. మూడూ మూడు రకాలుగా కదులుతాయి కాబట్టి, కలిసి మోగేటప్పుడు ఆ స్వరం లోపల ఎప్పుడూ ఏదో ఒక కదలిక ఉంటుంది. పైగా మిక్సర్‌లో లెవెల్ పెంచితే దాని ఫిల్టర్ (శబ్దంలో పై పౌనఃపున్యాలను కోసే భాగం) ఒత్తిడికి లోనై శబ్దం చిక్కబడుతుంది. 1977 నాటి యమహా సీఎస్ 80 దాదాపు వంద కిలోల బరువు. ప్రతి కీ కిందా వేలి ఒత్తిడిని విడివిడిగా పట్టుకునే ఏర్పాటు ఉంది. 1978లో వచ్చిన ప్రాఫెట్ 5లో ఐదు వాయిస్‌లు, ఒక్కొక్క వాయిస్‌కు సొంత ఆసిలేటర్లు రెండేసి. ఇలాంటి వాటిని అనుకరించడం ప్లగిన్ రాసేవాళ్లకు నిజంగా కష్టమైన పని.

జునో 106 వాటి తర్వాతి తరం. 1984లో వచ్చింది. అప్పటికి తయారీదారులకు శృతి జారడం అంటే గుణం కాదు, కస్టమర్లు తిట్టే లోపం. అందుకని దీనిలో అల పుట్టేది కరెంటుతోనే అయినా, అది ఎప్పుడు ఆగి మళ్లీ మొదలవ్వాలో చెప్పేది డిజిటల్ క్లాక్. శృతి జారదు. వాయిస్‌కు ఒకే ఆసిలేటర్. ఎన్వలప్‌ను (శబ్దం ఎలా లేచి ఎలా తగ్గాలో చెప్పేది), ఎల్ఎఫ్ఓను (శబ్దాన్ని నెమ్మదిగా ఊపేది) కూడా లోపలి ప్రాసెసరే లెక్కగట్టి పంపుతుంది. మీరు ముందుకూ వెనక్కూ తోసే స్లైడర్ల స్థానాన్ని కూడా ఆ ప్రాసెసరే చదివి 0 నుంచి 127 దాకా ఒక అంకెగా మార్చుకుంటుంది. అంటే మీ మాస్టారి జునోలో సగం పని 1984 నుంచీ అంకెలతోనే నడుస్తోంది. పూర్తిగా అనలాగ్‌గా మిగిలినవి ముఖ్యంగా అల ఆకారం, ఫిల్టర్, వాల్యూమ్ దశ, చివర్లో శబ్దాన్ని వెడల్పు చేసే కోరస్. ఈ నాలుగింటినీ ఇప్పటి ప్లగిన్లు బాగా పట్టుకున్నాయి. పాత పాలీసింత్‌లలో (ఒకేసారి అనేక స్వరాలు పలికే సింథ్‌లలో) సాఫ్ట్‌వేర్‌కు సులువుగా లొంగేవాటిలో ఇదొకటి. మీకు తేడా తెలియని ఆ యంత్రం సీఎస్ 80 అయ్యుంటే నేను ఇంత ధీమాగా చెప్పేవాణ్ని కాదు.

మరి "అందరికీ" వినపడే ఆ తేడా ఎక్కడిది? కొంత పాత అనుభవం. వీఎస్‌టీ అనే పద్ధతిలో పనిచేసే ప్లగిన్లు 1996లో మొదలయ్యాయి. తొలి తరం వాటిలో నిజంగానే రెండు లోపాలుండేవి. ఒకటి, సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దం కొలతల) రేటు మీద పనిచేసేటప్పుడు 22,050 హెర్ట్జ్ దాటిన పౌనఃపున్యాలు మాయమవ్వవు, అద్దం మీద పడి వెనక్కి వచ్చినట్టు కిందికి మడిచుకుని వస్తాయి. పై స్థాయి స్వరాల్లో అది శృతికి సంబంధం లేని గరగరలా వినిపిస్తుంది. రెండోది ఫిల్టర్. అసలు సర్క్యూట్‌లో ఫిల్టర్ చివరి నుంచి మొదటికి తిరిగి వచ్చే సిగ్నల్‌కు ఆలస్యమే ఉండదు. అప్పటి సాఫ్ట్‌వేర్‌లో ఒక శాంపిల్ ఆలస్యం తప్పేది కాదు. దాంతో రెజొనెన్స్ (ఫిల్టర్ కోసే అంచు దగ్గర శబ్దాన్ని ఎత్తి చూపేది) పెంచినప్పుడు అది పలకాల్సిన చోట పలికేది కాదు. తర్వాత ఆ ఆలస్యం లేకుండా ప్రతి శాంపిల్‌కూ సమీకరణం సాధించే పద్ధతి వచ్చింది. యూ-హీ అనే కంపెనీ వాళ్ల డీవా ప్లగిన్ లాంటివి ఆ దారిలో పేరు తెచ్చుకున్నాయి. దానికి కంప్యూటర్ శక్తి ఎక్కువ కావాలి, అందుకే ఆలస్యంగా వచ్చింది. మీ స్నేహితుడి చెవిలో బహుశా 2000ల నాటి ప్లగిన్ల ధ్వని ఇంకా మిగిలి ఉంది. అప్పటి ప్లగిన్ల గురించైతే ఆయన అన్నది తప్పేమీ కాదు.

ఇప్పుడు కూడా తేడాలు లేవని నేను అనడం లేదు. వాటిని వెతకాల్సిన చోట మీరు వెతకలేదు, అంతే. మీ మాటల్లోనే, మీరు వాయించింది మధ్య స్థాయిలో నిదానంగా సాగే కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు), కోరస్ వేసి. అక్కడ జునో, దాని ప్లగిన్ అన్నదమ్ముల్లా ఉంటాయి. మళ్లీ వెళ్లినప్పుడు కోరస్ తీసేయండి. రెజొనెన్స్‌ను పైదాకా తీసుకెళ్లి, ఫిల్టర్ తనంతట తాను ఈల వేసే చోట పెట్టి, కటాఫ్‌ను (ఫిల్టర్ కోత మొదలయ్యే చోటును) మెల్లగా పైకి లాగండి. పై రెండు ఆక్టేవ్‌లలో వాయించండి. ఒకే స్వరాన్ని ఆరుసార్లు నొక్కండి. జునోలో ప్రతిసారీ వేరే వాయిస్ పలుకుతుంది. నలభై ఏళ్లలో లోపలి అమరికలు తలో కాస్త జరిగి ఉంటాయి కాబట్టి ఆరూ అచ్చం ఒకేలా ఉండవు. కొన్ని ప్లగిన్లు ఈ తేడాను కూడా కావాలనే పెడతాయి. ఆ నాబ్ మీ ప్లగిన్‌లో ఉందేమో చూడండి. ఇక కోరస్ వేసి చేతులు తీసేస్తే జునోలో సన్నటి హిస్ వినిపిస్తుంది. అది ఆ పాత చిప్‌ల సహజ లక్షణం.

వినేటప్పుడు రెండు జాగ్రత్తలు. రెండింటి లెవెల్ అర డెసిబెల్ తేడా కూడా లేకుండా సమానం చేయండి, ఎందుకంటే కాస్త గట్టిగా ఉన్నదాన్నే మన చెవి "బాగుంది" అంటుంది. తర్వాత మీ ఆవిడనో ఇంకెవరినో కూర్చోబెట్టి, మీకు చెప్పకుండా పదహారుసార్లు ఏదో ఒకటి వేయమనండి. పదహారింటిలో పన్నెండు లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెబితే, అది గుడ్డిగా చెప్పి గెలిచేది కాదు. ఊరికే ఊహించేవాడికి ఆ ఫలితం వందకు నాలుగుసార్లే వస్తుంది. మీ స్నేహితుణ్ని కూడా అదే కుర్చీలో కూర్చోబెట్టండి, ఓడించడానికి కాదు, ఆయనకు ఏం వినపడుతోందో మీకూ తెలియాలి కాబట్టి. ఒక ట్రాకు ఫేజ్‌ను (అల దిశను) తిరగేసి రెండోదానితో కలిపితే తేడా మిగులుతుందని ఎవరైనా చెబితే ఈ విషయంలో నమ్మకండి. కోరస్ లోపలి ఊపు తన దారిన తాను తిరుగుతుంటుంది, కాబట్టి అదే జునోను రెండుసార్లు రికార్డు చేసినా ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకోవు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాలుగో పేజీలో మీరు దారినపోతూ రాసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. నాకు మొత్తం ఉత్తరంలో అదే ముఖ్యమైనదిగా కనిపించింది. "మాస్టారు సరదాగా నా ల్యాప్‌టాప్ మీద కూడా ఒక నిమిషం వాయించారు. ఫిల్టర్‌ను మాడ్ వీల్‌కి (ఎడమ పక్కనుండే చక్రానికి) కలిపి ఇచ్చాను. విచిత్రంగా అదీ ఆయన సౌండ్‌లాగే ఉంది" అన్నారు.

అందులో విచిత్రమేమీ లేదండీ. జునో 106 కీబోర్డుకు వేలి బలం తెలియదు. మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా ఒకే శబ్దం. వెలాసిటీ లేని కీబోర్డు మీద భావం పలికించాలంటే వాయించేవాడికి మిగిలింది ఎడమ చెయ్యి. ఫిల్టర్ స్లైడర్, శృతిని వంచే బెండర్, వాల్యూమ్. మీ మాస్టారి ఎడమ చెయ్యి నలభై ఏళ్లుగా ఆ పని చేస్తోంది. కార్డ్ పట్టగానే ఫిల్టర్ కాస్త తెరుచుకుంటుంది, గాయకుడు అందుకోగానే మూసుకుంటుంది. గమకం దగ్గర బెండర్ అర స్వరం కూడా దాటకుండా అటూ ఇటూ ఊగుతుంది. మీ కీబోర్డ్ మీద కూర్చోగానే ఆ చెయ్యి తనకు తెలిసిన పనే చేసింది. మీ స్నేహితుడు ప్లాస్టిక్ అంటున్నది, నా అంచనాలో, మీ ప్యాడ్స్‌లో ఈ చెయ్యి లేకపోవడాన్ని. ఆయనకు వినపడిన లోటు నిజం. దానికి ఆయన పెట్టిన పేరు మాత్రం తప్పు. మీరే రాశారు, ప్యాడ్ వాయించేశాక కటాఫ్ కదలికను మౌస్‌తో గీస్తానని, సమయం లేకపోతే అదీ వదిలేస్తానని.

ఇది తెలిశాక కొనాలా వద్దా అన్న ప్రశ్న కొంచెం మారుతుంది. శబ్దం కోసమైతే ఆ డబ్బు పెట్టక్కర్లేదు. కానీ చెయ్యి కోసం? అక్కడ నాకు రెండు వైపులా చెప్పడానికి ఉంది.

కొన్నారనుకోండి. జునో ముందు కూర్చుంటే మెనూలు లేవు, అంకెలు చూపే చిన్న డిస్‌ప్లే తప్ప స్క్రీన్ లేదు. ఒక పనికి ఒక స్లైడర్. రెండు నెలల్లో మీ చెయ్యి చూడకుండా వెళ్లడం నేర్చుకుంటుంది. ప్యాచ్ (ఒక శబ్దానికి కావలసిన సెట్టింగులు) తయారుచేయడం అనేది మౌస్ పనిలా కాకుండా వాయించడంలో భాగమవుతుంది. ఇది చిన్న లాభం కాదు. పనిచేసే స్థితిలో ఉంచగలిగితే దాని ధర కూడా ఒక్కసారిగా పడిపోయేది కాదు, కష్టమొస్తే అమ్ముకోవచ్చు. అయితే మీ పని తీరు గుర్తుంచుకోండి. "స్కేల్ ఒకటిన్నర దించండి, గాయని మారింది" అని రాత్రి పదకొండుకు ఫోన్ వస్తే, ప్లగిన్‌తో రెండు నిమిషాల పని. జునోతో అయితే మిడి ఉన్నా, ఆ ప్యాచ్ పెట్టి, లెవెల్ చూసుకుని, పాట పొడుగునా మళ్లీ రికార్డు చేయాలి. పైగా మీ భక్తి పాటలు ఎక్కువగా వినేది ఫోన్లలో, గుడి మైకుల్లో. గుడి మైకులో స్టీరియో ఉండదు కాబట్టి జునో కోరస్ ఇచ్చే ఆ వెడల్పు చాలావరకు అక్కడికి చేరదు.

ఇక రిపేరు. ఆ మూగబోయే వాయిస్‌ను మీరు తేలిగ్గా రాశారు, నేను అలా తీసుకోలేను. జునో 106లో ప్రతి వాయిస్ ఫిల్టరూ, వాల్యూమ్ దశా కలిపి 80017ఎ అనే ఒక చిన్న మాడ్యూల్‌లో ఉంటాయి. దాని మీద పోసిన రెసిన్ పూత ఏళ్లు గడిచేకొద్దీ లోపల కరెంటు లీక్ అవడానికి కారణమవుతుంది. మొదట చిటపటలు, తర్వాత ఆ వాయిస్ అప్పుడప్పుడూ పోవడం, చివరికి పూర్తిగా మూగబోవడం. ఒకటి పోయిందంటే మిగతా ఐదూ అదే వయసువి, అదే పూతవి. మంచి టెక్నీషియన్ ఆ మాడ్యూల్ తీసి, అసిటోన్‌లో నానబెట్టి పూత వదిలిస్తే చాలాసార్లు బతుకుతుంది. లేదంటే కొత్తగా తయారుచేసిన ప్రత్యామ్నాయ మాడ్యూళ్లు బయటి దేశాల నుంచి తెప్పించుకోవాలి. నేను ఒకప్పుడు ఇలాంటి పాత పాలీసింత్ ఒకటి కొన్నాను. రెండో వర్షాకాలంలో ఒక వాయిస్ పోయింది. భాగం రావడానికీ, వేసేవాళ్లు దొరకడానికీ కలిపి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు రోజూ దాన్ని గుడ్డ కప్పి చూస్తూ కూర్చున్నాను. ఆ దిగులు కూడా ధరలో భాగమే.

కాబట్టి కొనే ఆలోచన ఉంటే మాస్టారి ఎదుటే పరీక్షించండి, ఆయనేమీ అనుకోరు, లోపం చెప్పింది ఆయనే కదా. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే టెస్ట్ మోడ్ వస్తుంది. అందులో ఒక్కో స్వరం నొక్కుతుంటే ఏ నంబరు వాయిస్ పలుకుతోందో డిస్‌ప్లేలో కనిపిస్తుంది. ఆరింటినీ విడివిడిగా వినండి, గంటసేపు వేడెక్కాక మళ్లీ వినండి. వెనకున్న ప్లేట్ మీద వోల్టేజీ చదవండి. జపాన్ నుంచి వచ్చిందైతే 100 వోల్టులు ఉంటుంది. మన 230కి నేరుగా పెడితే అయిపోయినట్టే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో అడగండి. ఆరు మాడ్యూళ్లూ బాగుచేయించడానికి ఎంతవుతుందో ముందే ఒక టెక్నీషియన్ దగ్గర అంచనా తీసుకుని, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించి మాట్లాడుకోవడం బేరమాడటం కాదు. అది న్యాయమైన లెక్క.

డబ్బు లెక్క కూడా సూటిగా చూద్దాం. కొంటే మీ దగ్గర మిగిలేది యాభై ఐదు వేలు. రిపేరు అందులోంచే. ఇల్లు మారడం కనీసం ఏడాది వెనక్కి వెళ్తుంది. మీ ఆవిడ అడుగుతున్న ఆ మూడో గదిని మీరు "సంసారం ఖర్చు" కింద రాశారు. నేను అలా చూడటం లేదు. పడకగదిలో గోడకు ఆనించి పెట్టిన స్పీకర్ల మధ్య మిక్స్ చేసే మనిషికి విడి గది దొరికితే, కింది స్వరాలు మొదటిసారి సరిగ్గా వినిపిస్తాయి. మీ పాటల నాణ్యతలో ఆ మార్పు జునో తెచ్చేదానికన్నా పెద్దది. రాత్రి పదింటికి ఆవిడ నిద్రపోవాలని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనిచేయాల్సిన అవసరమూ ఉండదు. ఆవిడ సంగీతానికి అడ్డుపడుతున్నారని అనుకోకండి. నాకైతే మీ ఉత్తరంలో మీ పని గురించి అందరికన్నా సరైన ప్రశ్న అడిగింది ఆవిడే అనిపించింది. తేడా వినపడలేదన్న మాట ముందు ఆవిడకే చెప్పండి. ఆ పదహారుసార్ల పరీక్షకు ఆవిడ సాయం ఎలాగూ కావాలి. కొనాలనే తేలినా, దాచిపెట్టిన మాట ఒకటి మధ్యలో ఉండగా కొనకండి.

కొనలేదనుకోండి. అప్పుడు కూడా ఊరికే ఉండిపోతే లాభం లేదు. మంచి స్లైడర్లు ఉన్న ఒక మిడి కంట్రోలర్ కొనండి, జునో ధరలో చిన్న వంతుకే వస్తుంది. మీ ప్లగిన్‌లోని కటాఫ్, రెజొనెన్స్, ఎన్వలప్, ఎల్ఎఫ్ఓలను జునో మీద ఉన్న వరసలోనే వాటికి కలపండి, ఆ తర్వాత ఎప్పటికీ మార్చకండి. మూడు నెలలపాటు ప్యాడ్స్ అన్నీ ఆ ఒక్క ప్లగిన్‌తోనే, ఎడమ చెయ్యి స్లైడర్ మీద ఉంచి, ఒకే టేక్‌లో వాయించండి. మౌస్‌తో గీయొద్దు. వాయించేటప్పుడు ల్యాప్‌టాప్‌లో బఫర్‌ను (శబ్దం బయటికి పంపేముందు పోగేసే శాంపిళ్ల సంఖ్యను) 128కి తగ్గించుకోండి. 512 దగ్గర కీ నొక్కిన పదకొండు మిల్లీసెకన్ల తర్వాత గానీ శబ్దం బయటికి రాదు, 128 దగ్గర మూడే. వేలికి ఆ తేడా తెలుస్తుంది, చాలామంది దాన్నే "ప్లగిన్ ఫీల్ లేదు" అంటారు. ఈ దారిలో నష్టం ఏమిటంటే, మూడు నెలలు క్రమశిక్షణ తప్పకుండా మీరే ఉండాలి. జునో మీద వేరే దారి ఉండదు కాబట్టి అది మిమ్మల్ని బలవంతంగా నేర్పిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఇంకో యాభై ప్లగిన్లు పక్కనే పిలుస్తుంటాయి. ఇంకో నష్టం కూడా ఉంది. ఆ జునో ఎవరింటికో వెళ్లిపోతుంది, ఏదో ఒకరోజు మీకు బాధ కలుగుతుంది. అది కలగదని నేను మాట ఇవ్వలేను.

మధ్యేమార్గంగా, జునోను అనుకరించే రోలాండ్ జేయూ 06ఎ లాంటి చిన్న డిజిటల్ పెట్టె గురించి కూడా అడిగారు. నాలుగు వాయిస్‌లు, వేలి కొనకు కూడా సరిగ్గా అందని స్లైడర్లు. లోపల ఉన్నదీ సాఫ్ట్‌వేరే. మీకు కావలసింది చేతికి నిండుగా దొరికే స్లైడర్ కాబట్టి మీకు అది సూచించను.

మిగిలింది మాస్టారు. ఇక్కడ మీరు ఉత్తరంలో రాయని ఒక విషయం నాకు కావాలి. ఆయనకు ఆ డబ్బు అవసరమా? మోకాళ్ల ఆపరేషన్ కోసమో, బెంగళూరులో కొడుకు మీద ఆధారపడకుండా చేతిలో ఉంచుకోవడానికో అయితే, మీరు అవునో కాదో ఎంత త్వరగా చెబితే అంత మంచిది. కాదంటే వేరేవాళ్లకు అమ్మడానికి ఆయనకు సమయం కావాలి. మొహమాటంతో దసరా దాకా నాన్చడం ఆయనకే నష్టం. అలాంటప్పుడు మీరు కొనకపోయినా చేయగలిగిన సాయం ఉంది. ఆ వాయిస్ బాగుచేయించి, సరైన ధర ఇచ్చే, నిజంగా వాయించే మనిషిని వెతికిపెట్టండి. ఈ వయసులో ఆయన ఆ పని చేసుకోలేరు. డబ్బు అవసరం లేక, అది మీ దగ్గర ఉండాలన్నదే ఆయన కోరిక అయితే, మాట్లాడటానికి చాలా చోటుంది. ఏడాది పాటు మీ దగ్గర ఉంచి నెలనెలా కొంత ఇవ్వడం కావచ్చు, రిపేరు మీది, పరికరం ఆయనది అన్న ఒప్పందం కావచ్చు. ఆయన వద్దనవచ్చు కూడా. అడిగితే తప్ప తెలియదు.

తేడా వినపడలేదన్న సంగతి ఆయనకు చెప్పలేనన్నారు. నేనైతే చెబుతాను, కానీ పూర్తిగా చెబుతాను. "మాస్టారూ, మీ జునోకీ నా ప్లగిన్‌కీ తేడా పట్టుకోలేకపోయాను. మీకూ నాకూ ఉన్న తేడా మాత్రం వెంటనే తెలిసింది. ఆ ఎడమ చెయ్యి నాకు నేర్పకుండానే వెళ్లిపోతున్నారు" అని. ఆయన కాసేపు చిన్నబుచ్చుకోవచ్చు. యంత్రం మీద ఆయనకున్న ప్రేమను మీరు తక్కువ చేశారనుకోవచ్చు. ఆ రిస్కు ఉంది. కానీ ఇష్టం లేకుండా, అప్పు తెచ్చినట్టు కొని, మూడో నెలలో గుడ్డ కప్పి మూల పెడితే ఆయనకు తెలియకుండా ఉండదు. అది ఇంకా పెద్ద దెబ్బ.

కొన్నా, కొనకపోయినా ఈ ఆదివారమే వెళ్లి చేయాల్సిన పని ఒకటుంది. జునోలో 128 ప్యాచ్‌లు ఉంటాయి. వాటిని కాపాడుతున్నది లోపలున్న ఒక చిన్న బ్యాటరీ. దాన్ని ఎప్పుడు మార్చారో మాస్టారికే గుర్తుండకపోవచ్చు. అది అయిపోయిన రోజు, మద్రాసు రోజుల నుంచి ఆయన చేసుకున్నవన్నీ పోతాయి. వెనక ఉన్న మిడి ఫంక్షన్ స్విచ్‌ను 3కి పెట్టి, ల్యాప్‌టాప్‌లో సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ (ఆ యంత్రపు సెట్టింగులను పంపే మిడి సందేశాల) రికార్డింగ్ ఆన్ చేసి, ఒక్కో ప్యాచ్ బటన్ నొక్కుతూ వెళ్తే అన్నీ మీ దగ్గరికి వస్తాయి. ఒక్కోటి నొక్కినప్పుడు అది దేనికోసం చేశారో ఆయన్ని అడిగి రాసుకోండి. మీ కీబోర్డు యూఎస్‌బీది, ఆయనది ఐదు పిన్నుల మిడి, కాబట్టి మధ్యలోకి కన్వర్టర్ కేబుల్ కావాలి. అది ముందే కొనుక్కుని తీసుకెళ్లండి, ఆయన ఇంట్లో దొరకదు.